ఐదున్నర శ్రుతిలో ఆ అమ్మాయి

"ఆ అమ్మాయి దొరికిందండి మేష్టారూ" అని ఆకివీడు నుంచి రాజుగారు ఫోన్ చేసినప్పుడు నేను ఏలూరులో పళ్ల డాక్టరు గారి వరండాలో నా వంతు కోసం కూర్చుని ఉన్నాను. ఏ అమ్మాయి అని అడగలేదు. మా గుంపులో ఆ అమ్మాయి అంటే ఒక్కతే. ఇరవై ఏళ్ల పైబడి ఆమెను అలాగే పిలుచుకున్నాం, పేరేమిటో, ఎక్కడుంటుందో, అసలు ఉందో లేదో తెలియకుండా. మాకు జుట్టు నెరిసింది, కొందరికి ఊడింది, మోకాళ్లు అరిగాయి, ఆమె మాత్రం మా మాటల్లో లంగా ఓణీ వేసుకున్న పిల్లగానే ఉండిపోయింది. "ఎక్కడండీ?" అన్నాను. "మీ ఊళ్లోనేనండి. పవర్‌పేట. రిటైరైన టీచరమ్మ గారు. డెబ్బై దాటాయట" అన్నారు రాజుగారు. డెబ్బై అన్న మాట ఇద్దరికీ నచ్చలేదనుకుంటాను. తర్వాత ఆయనే గొంతు తగ్గించి, "కాని ఓ చిక్కొచ్చిందండి. ఆ పాట నేను పాడలేదంటున్నారు ఆవిడ" అన్నారు.

మా గుంపు పేరు రెండో చరణం. ఇంటర్నెట్టు ఫోను తీగలోంచి గరగరమంటూ వచ్చే రోజుల్లో మొదలైంది. అందరం ఒకే సంగీత దర్శకుడి అభిమానులం. ఆయన పేరు ఇక్కడ రాయను, రాస్తే ఆయన గొప్పా ఫలానా ఆయన గొప్పా అని మళ్లీ మొదలవుతుంది, ఆ వాదనకు నాకిప్పుడు ఓపిక లేదు. గుంపులో చేరాలంటే ఒక కట్టడి ఉండేది. ఏదో ఒక పాట రెండో చరణం, ఎక్కడా చూడకుండా, జ్ఞాపకం మీద రాసి పంపాలి. పల్లవి అందరికీ వస్తుంది, మొదటి చరణం చాలామందికి వస్తుంది, రెండో చరణం వచ్చినవాడే మనవాడు అని రాజుగారి లెక్క. ఆయన చేపల చెరువుల ఆసామి. చదువు పదో తరగతితో ఆగింది. అయినా ఏ పాటలో వేణువు ఎక్కడ మొదలై వీణ ఎక్కడ అందుకుంటుందో, ఐసు పెట్టెల లెక్క చూసుకుంటూనే చెప్పగలరు. బ్యాంకు ఉద్యోగులు, నర్సులు, రైల్వే గార్డులు, నాలాంటి లెక్చరర్లు, అందరం అలా రెండో చరణం రాసి లోపలికొచ్చిన వాళ్లమే. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటూ పొట్లాడుకునేవాళ్లం, అలిగేవాళ్లం, మర్నాటికి మళ్లీ వచ్చేవాళ్లం. ఇప్పుడు ఆ గుంపు ఫోన్లలోకి మారింది. పొద్దున్నే పూల బొమ్మలు వస్తాయి. వారానికొకసారి ఎవరో ఒకరి ఫొటో కింద అందరం చేతులు జోడించిన బొమ్మ పెడతాం. పాటల గురించి మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశాం. పాటల గురించి మాట్లాడుకున్న రోజుల గురించి మాట్లాడుకుంటున్నాం.

ఆ రోజుల్లో మమ్మల్నందరినీ కట్టిపడేసిన పాట ఆ అమ్మాయిది. సగంలో ఆగిపోయిన సినిమాలోది. సినిమా రాలేదు కాని ఎలాగో కొన్ని క్యాసెట్లు మాత్రం బయటికొచ్చాయి, అట్ట మీద ఆ పాట ఎదురుగా గాయని పేరు ఉండాల్సిన చోట "ఇతరులు" అని అచ్చయింది. ఆ క్యాసెట్టు గుంపులో నా ఒక్కడి దగ్గరే ఉండేది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి అందరికీ పంచింది నేనే. ఈ ప్రపంచంలో ఆ పాట ఎక్కడ వినిపించినా అది మా ఇంట్లోంచి వెళ్లిందే. ఆ సన్నని గొంతు, పై స్థాయిలో అలా వెళ్లి ఆగకుండా తిరిగి రావడం, దాని మీద హైదరాబాదులో ఉండే కామేశ్వరరావు గారు తొమ్మిది భాగాల వ్యాసం రాశారు. ఐదున్నర శ్రుతిలో అంత సునాయాసంగా పాడిన గొంతు మళ్లీ పుట్టలేదని తేల్చారు. మేమంతా నిజమేనన్నాం. అందులో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది, పాట మా నాన్న కొన్న క్యాసెట్టులోది కదా అని.

మా ఇల్లు తాడేపల్లిగూడెంలో రైలు పట్టాలకు అవతల, రైసుమిల్లుల వెనక వీధిలో ఉండేది. పొద్దున లేచేసరికి ఉప్పుడు ధాన్యం ఉడుకుతున్న వాసన, సాయంత్రానికి తవుడు వాసన. ఉతికి ఆరేసిన బట్టల మీద కూడా సన్నని ఊక పడేది, అమ్మ ప్రతి చీరనూ రెండుసార్లు దులిపి మడత పెట్టేది. నాన్న రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా. వచ్చిన వాళ్లందరి చేతా వేలిముద్రలు వేయించి వేయించి ఆయన వేళ్లకు కూడా నల్ల సిరా పట్టేసేది. ఇంటికి రాగానే పెరట్లో కూర్చుని నిమ్మచెక్కతో వేళ్లు రుద్దుకునేవారు. తర్వాత స్నానం, కాఫీ, ఆ తర్వాత చాప పరిచి హార్మోనియం. అందుకే మా హార్మోనియం మెట్లకు ఎప్పుడూ నిమ్మకాయ వాసన వచ్చేది. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని ఇత్తడి రోట్లో తమలపాకులు దంచుకునేది. ఆ దంపుడు ఆయన తాళానికి ఎప్పుడూ కలిసేది కాదు. ఆయన కసిరేవారు, ఆవిడ వినిపించుకునేది కాదు, అలా మా ఇంట్లో రోజూ రెండు తాళాలు నడిచేవి.

నాన్నకు హార్మోనియం నేర్పినాయన ఒక భజన మేష్టారు. ఐదున్నర శ్రుతి ఒక్కటి నేర్పి, మిగతావి నేర్పకుండానే కాలం చేశారు. దాంతో నాన్న వేళ్లు ఆ నల్లమెట్టు దగ్గర మొదలైతేనే నడిచేవి. స అన్నది ఒక మెట్టు పక్కకు జరిగితే చాలు, కొత్త ఊరికి బదిలీ అయిన గుమాస్తాలా ఆయన తడబడిపోయేవారు. సినిమా పాటలతో కలిసి వాయించాలని ఆయన కోరిక. పాటలేమో ఆయన మెట్టు దగ్గరికి వచ్చేవి కావు. ఇలా ఉండగా ఒకరోజు టేప్ రికార్డరు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు వెనక మూత తీసి, మోటారుకు చిన్న కన్నం ఉంటుందండి, దానిలో మర తిప్పితే వేగం మారుతుంది, వేగంతో పాటు శ్రుతీ మారుతుంది అని చూపించాడు. నేను అప్పుడు ఏలూరులో డిగ్రీ చదువుతూ శనివారాలు పాసింజరులో ఇంటికి వస్తూండేవాణ్ణి. ఆ వారం వచ్చేసరికి టేప్ రికార్డరుకు వెనక మూత లేదు. ఆ తర్వాత ఎప్పుడూ లేదు. కళ్లజోడు బిగించుకునే సన్నని స్క్రూడ్రైవరు ఒకటి నాన్న చెవి మీదికి చేరింది. పాట పెట్టడం, హార్మోనియం మీద తన మెట్టు నొక్కి పట్టుకోవడం, రెండూ కలిసేదాకా వెంట్రుకవాసి చొప్పున మర తిప్పడం. అర శ్రుతి తేడా అయితే లాక్కొచ్చేవారు. అంతకంటే దూరంగా ఉన్న పాటలను చేతులు కట్టుకుని మర్యాదగా వినేవారు.

"అందరూ పాటకి శ్రుతి కలుపుకుంటారు. మీ నాన్నగారు పాటని లాక్కొచ్చి తన గుంజకి కట్టేస్తారు" అనేది అమ్మ.

"మనింట్లో మనం వినడానికేగా, ఎవరికేం నష్టమే" అనేవారు ఆయన.

ఆ అమ్మాయి పాట క్యాసెట్టు నాన్న స్టేషను దగ్గర కొట్లో కొన్నారు. ఆయన వేళ్లకు తప్పుల్లేకుండా వచ్చిన ఒకే ఒక్క పాట అదే. నాకు కాలేజీలో ఉద్యోగం వచ్చిన ఏడాది ఆయన రోజూ సాయంత్రం అది వాయించారు. పక్కింటి వాళ్లు కూడా ఆగి వినేంత బాగా వాయించారు. ఆ వేసవిలో మూడు రోజుల జ్వరంతో పోయారు. అమ్మ ఆ టేప్ రికార్డరును, లోపల క్యాసెట్టు ఉన్నది ఉన్నట్టుగానే, ఆయన తువ్వాల్లో చుట్టి అటక మీద పెట్టించింది. మాకు ఇంకోటి కొనుక్కోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

గుంపు మొదలయ్యాక నేను దాన్ని కిందికి దింపాను. తీగ ఒకటి తెచ్చి కంప్యూటరుకు తగిలించి మీట నొక్కాను. తిరగదనుకున్నది తిరిగింది. పాట మొదలవగానే నాకు నిమ్మచెక్క వాసన వచ్చిందంటే నమ్మండి. టేబులు మీద తలపెట్టుకుని ఏడ్చాను. అది నెట్టులోకి ఎక్కడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది, ఫోను ఖాళీ లేక మా ఆవిడ వాళ్ల అన్నయ్య నాలుగుసార్లు చేసి విసుక్కున్నాడు. అప్పటికి పన్నెండేళ్లుగా నేను పిల్లలకు శ్రుతిదండాలు మోగించి ధ్వని పాఠం చెబుతున్న ఫిజిక్సు లెక్చరర్ని. ఆ మర సంగతి తెలిసిన మనుషులు లోకంలో నేను, మా అమ్మ తప్ప ఇంకొకరు లేరు. అయినా నాకు తట్టలేదు. ఆ పాట నేను పుట్టి బుద్ధెరిగాక వేరే విధంగా ఎక్కడా వినలేదు కదా, అదే పాట అనుకున్నాను. ఇంకో వారానికి టేపు తెగిపోయింది.

రాజుగారు ఫోన్ చేసిన మూడో రోజున నేను పవర్‌పేట వెళ్లాను. ఆ సినిమాకి పనిచేసిన ఒకాయన దగ్గర ఆవిడ పేరు, ఊరు ఆయనకి దొరికాయట. గుంపు వాళ్లం ఆఖరిసారి ఏలూరులో కలవాలనీ, అందులో ఆవిడకు సన్మానం చేయాలనీ ఆయన పట్టుదల. ఆవిడను ఒప్పించే పని ఊళ్లో ఉన్నందుకు నా మీద పడింది. సుగుణ కుమారి గారిది రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వరండా. గోడ మీద బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు, పక్కన ఆవిడ భర్తగారి ఫొటో. ఆవిడ తెల్లచీర కట్టుకుని బియ్యం చేటతో బయటికొచ్చారు. కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, "ఆ ఫోన్ చేసినాయనకి చెప్పానండి అప్పుడే. మిమ్మల్ని కూడా ఎండలో తిప్పారు పాపం" అన్నారు.

"ఆ సినిమాకి మీరు పాడారా లేదా అండి?" అన్నాను.

"పాడానండి. మా పెదనాన్నగారు మద్రాసు తీసుకెళ్లారు. రెండు రోజులున్నాం. కాని మీరు దాచుకున్నది నేను పాడింది కాదండి. మాటలు అవే, వరస అదే. గొంతు నాది కాదు. నేను నచ్చక నా తర్వాత ఇంకో అమ్మాయి చేత పాడించుకుని ఉంటారు. అప్పట్లో అలా చేసేవారట కదండీ."

"మీరెక్కడ విన్నారు?"

ఆవిడ చేట కింద పెట్టి నెమ్మదిగా చెప్పారు. ఏలూరు వచ్చిన దగ్గర్నుంచీ వాళ్ల చర్చి పాటల బృందంలో ఆవిడే ముందు వరస. సినిమాకి పాడానని ఎవరైనా అడిగితే చెప్పేవారు, అడగకపోతే లేదు. సినిమా ఆగిపోయింది, క్యాసెట్టు కూడా రాలేదని మద్రాసు నుంచి కబురొచ్చింది, కనక ఆవిడ మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. ఇరవై ఏళ్ల కిందట క్రిస్మస్ పాటల ప్రాక్టీసు రోజున బృందంలో ఒకాయన నెట్టులో దొరికిందంటూ ఆ పాట తెచ్చారు, మన సుగుణమ్మ గారిని ఆశ్చర్యపరుద్దామని. అందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి పెట్టారు.

"అందరికీ నా గొంతు తెలుసు కదండీ, పాతికేళ్లు వాళ్ల పక్కనే పాడాను. ఇదేమో సన్నగా, చిన్నపిల్ల గొంతులా ఉంది. అందరూ నా మొహంలోకి చూశారు. నేనే అన్నాను, ఇది నేను కాదండి అని. అంటే ఇన్నాళ్లూ చెప్పిందేమిటి అన్నట్టు చూశారు. ఒకాయన నవ్వేశారు. పెద్దగా కాదు లెండి." ఆవిడ చేట మళ్లీ ఒళ్లోకి తీసుకున్నారు. "అప్పట్నుంచి వెనక వరసలోనే కూర్చుంటున్నాను. నాకేం తెలుసండి, నా పాట తీసేశారని. రెండోసారి మళ్లీ వినలేదు. నేను పాడింది ఐదు శ్రుతికి. పెట్టె మీద మెట్టు చూపించి మరీ పాడించారు. అది అర ఎక్కువుంది. అంత పైకి నేనెప్పుడూ పాడలేదు, నాకు రాదు."

అర ఎక్కువుంది అన్న మాట వినగానే మూత లేని టేప్ రికార్డరు, చెవి మీద స్క్రూడ్రైవరు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. అక్కడికక్కడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి, కనుక్కుని మళ్లీ వస్తానండి అని లేచి వచ్చేశాను. ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పిన నోరు అవసరమైన రోజున పెగల్లేదు.

ఇంటికొచ్చి టేప్ రికార్డరు దింపి, ఊరందరి దగ్గరా ఉండే మామూలు పాటల క్యాసెట్టు ఒకటి అందులో పెట్టాను. అదే పాట ఫోనులో పక్కన పెట్టాను. టేప్ రికార్డర్లోది సరిగ్గా అర శ్రుతి ఎక్కువ. నాన్న ఆఖరిసారి తిప్పి వదిలిన చోటే మర ఉంది. మెకానిక్కు ఎవరైనా ఒక్క నిమిషంలో సరిచేస్తారు, నేను ముట్టుకోలేదు. కంప్యూటర్లో ఉన్న పాటను మాత్రం అర శ్రుతి దించి, అంతే వేగం తగ్గించి విన్నాను. ఆ అమ్మాయి ఎక్కడా లేదు. నిండైన గొంతున్న ఒక స్త్రీ పాడుతోంది. మేము ఇన్నాళ్లూ చిలిపితనం అనుకున్న చోట దిగులు ఉంది. పైకి సునాయాసంగా ఎగిరిందనుకున్న చోట ఆమె కష్టపడి మెట్టు మెట్టుగా ఎక్కుతోంది. నిజం చెప్పాలంటే మొదటిసారి నాకు నచ్చలేదు. నాన్న వాయించిన పాట అది కాదు. ఆ దించిన పాటను చెరిపేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు, నాన్న పాట నాన్న పాటగానే ఉంటుంది. కాకపోతే పవర్‌పేటలో ఒక పెద్దావిడ అబద్ధాలకోరుగా ఉండిపోతారు. రెండు రోజులు నేను ఈ రెంటి మధ్యా కొట్టుకున్నాను, తిండి సయించలేదు. మా ఆవిడ అంతా విని, "మీ నాన్నగారు బతికుంటే ఈపాటికి వెళ్లి ఆవిడ కాళ్ల మీద పడేవారు" అంది. నిజంగా పడేవారే.

జరిగింది జరిగినట్టు గుంపులో రాశాను. సరిచేసిన పాట కింద పెట్టాను. కామేశ్వరరావు గారు ఇరవై నిమిషాల్లో గుంపులోంచి వెళ్లిపోయారు, తొమ్మిది భాగాల ఆ వ్యాసాన్ని పట్టుకుని. ఒకావిడ ఇది వింటుంటే నిద్రొస్తోందని రాసింది. మా పెళ్లైన కొత్తలో విన్న పాటను మీరు చంపేశారని ఒకరు రాశారు. తప్పో ఒప్పో మాకు అదే కావాలి అని చాలామంది. మర్నాడు పొద్దున్నే పూల బొమ్మలు మామూలుగానే వచ్చాయి. రాజుగారు మాత్రం గుంపులో ఏమీ రాయలేదు. ఒకసారి ఇలా రండి మేష్టారూ అని ఫోన్ చేశారు.

కైకలూరు మీదుగా బస్సులో వెళ్లాను. కాలేజీ రోజుల్లో స్నేహితులతో కొల్లేరు దాటినప్పుడు ఎటు చూసినా నీళ్లు, తామరాకులు, పడవ వాడి అరుపుకు లేచే పక్షులు ఉండేవి. ఇప్పుడు రోడ్డుకు ఇటూ అటూ గట్లు, చెరువులు, నీళ్లను చిలికే చక్రాలు. పక్షులు ఉన్నాయి, తీగల మీద కూర్చుని చెరువుల కేసి చూస్తున్నాయి. పాత కొల్లేరే బాగుండేదని పక్క సీటులో పెద్దాయన అన్నారు. ఆయన దిగిన చోట ఆయనవే నాలుగు చెరువులట.

రాజుగారు షెడ్డులో ఉన్నారు. ఐసు దిమ్మలు మరలో పడి పొడి అవుతున్న మోత, పెట్టెల్లో చేపలు, బయట లారీ. నన్ను పక్క గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని రెండు పాటలూ విన్నారు. కళ్లు మూసుకుని, ఒకదాని తర్వాత ఒకటి, పూర్తిగా.

"ఇదే సరైందండి. నాకు తెలుస్తోంది" అన్నారు చివరికి. "కాని ఇది మనది కాదండి మేష్టారూ. ఆ ఏడాది వరదకి చెరువులన్నీ తెగి చేపంతా కొల్లేట్లోకి పోయినప్పుడు, గట్టు మీద కూర్చుని నేను విన్నది ఆ పాట. అది విని లేచి ఇంటికెళ్లానండి. ఇప్పుడు మీరొచ్చి అది తప్పంటే, నేనేం చెయ్యను?"

"తప్పు పాటది కాదు రాజుగారూ, నాది."

"ఆయ్, సరేనండి. ఆవిడని పిలుద్దాం. శాలువా కప్పుదాం. పాట మాత్రం పాతది వేద్దాం. నలుగురు తప్ప అందరూ అదే అంటున్నారు."

"ఆవిడ నాది కాదన్న గొంతు ఆవిడకే వినిపించి, ఆవిడకే శాలువా కప్పుతామా?"

రాజుగారు ఇయర్‌ఫోన్ల తీగ వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. ఆయన చెడ్డవారు కారు. ఆయన మొహం చూస్తే నాకూ జాలేసింది. మేము ఇన్నేళ్లూ వెతికింది ఆ గాయనిని కాదు, ఆ పాట విన్న రోజుల్లోని మమ్మల్ని. ఆవిడ దొరికినా మేము దొరకలేదు. చిన్నప్పుడు మా ఇంట్లో ఒక్క మనిషి తన సరదా కోసం పాటను లాక్కుంటే గోడ దాటి బయటికి వెళ్లేది కాదు. ఇప్పుడు ఊరూరా అందరం కలిసి, ఎవరి గొంతుతో పనిలేకుండా, మాకు కావలసిన చోటుకు లాక్కుంటున్నాం. వచ్చేటప్పుడు ఆయన వద్దన్నా వినకుండా ఐసులో పెట్టి రెండు చేపలిచ్చారు, మేము తినమని తెలిసి కూడా, ఏదో ఒకటి ఇవ్వకపోతే బాగుండదని. బస్సులో వాటిని డ్రైవరుకిచ్చేశాను. గుంపులోంచి నేను వెళ్లిపోలేదు కాని, మళ్లీ ఏమీ రాయలేదు.

ఆ శుక్రవారం సాయంత్రం మళ్లీ పవర్‌పేట వెళ్లాను. పాట పెట్టక ముందే అంతా చెప్పాను. నాన్న సంగతి, భజన మేష్టారి సంగతి, మర సంగతి, నేను చూసుకోకుండా ఊరంతా పంచిన సంగతి. ఆవిడ అడ్డు తగలకుండా విన్నారు. "మీ నాన్నగారు బాగా వాయించేవారాండి?" అని అడిగారు. లేదండీ, ఆ ఒక్క పాటే అన్నాను. "అయ్యో" అన్నారు, నిజంగానే బాధపడుతూ.

పాట పెట్టాను. ఆవిడ మొదట గుమ్మం కేసి చూస్తూ విన్నారు. మొదటి చరణం సగంలో చేత్తో కొంగు అంచు పట్టుకున్నారు. రెండో చరణంలో ఒకచోట గొంతు చిన్నగా తెగి మళ్లీ అందుకుంటుంది, అది వినగానే "ఇక్కడ ఊపిరి చాల్లేదండి. మళ్లీ పాడతానన్నాను. పర్లేదమ్మా, బాగుంది, ఉంచేద్దాం అన్నారు మ్యూజిక్ డైరెక్టరు గారు" అన్నారు. పాట అయిపోయాక చాలాసేపు ఫోను కేసే చూస్తూ ఉండిపోయారు. మళ్లీ పెట్టమంటారా అంటే వద్దన్నట్టు తల ఊపారు.

"ఆ రోజు ప్రాక్టీసు నుంచి వచ్చాక మా వారు నాతో ఒకే మాటన్నారండి" అన్నారు. "పోన్లే సుగుణా, చిన్నతనంలో అందరం ఏదో ఒకటి గొప్పగా చెప్పుకుంటాం, నేనేం అనుకోను అన్నారు. చాలా మంచి మనిషండి. నన్ను క్షమించేశారు. ఆయన అంత మంచిగా క్షమించాక, లేదండీ నేను నిజంగా పాడానని మళ్లీ ఎలా అంటాను? అనలేదు. ఆయన పోయి ఆరేళ్లయింది."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపారు.

"ఆ మాట వద్దండి. మీ మీద నాకు కోపం లేదు. మీ వాళ్ల సన్మానం కూడా వద్దు, వాళ్లకి కావలసింది ఆ అమ్మాయి, నేను కాదు. కాని మీరు ఈ ఆదివారం మా చర్చికొకసారి రావాలి. పాట వినిపించక్కర్లేదు. ఆరాధన అయ్యాక లేచి నిలబడి, సుగుణమ్మ అబద్ధం ఆడలేదని చెప్పండి, చాలు."

"తప్పకుండా వస్తానండి. ఆ రోజు ప్రాక్టీసులో ఉన్నవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారాండి?"

ఆవిడ వేళ్లు ముడుస్తూ కాసేపు లెక్కపెట్టుకున్నారు.

"ఇద్దరున్నారండి. ఆ నవ్వినాయన ఉన్నారు. ఇప్పుడాయనకి సరిగా వినపడదు. మీరు కాస్త గట్టిగా చెప్పాలి."